తెర మీది మంచుకొండ

ఆవకాయ పెట్టేటప్పుడు ఇంట్లో ఆడవాళ్ళని ఏమీ అడగకూడదు. చిరాకులో "వద్దు" అనేస్తారు. ఈ సంగతి తెలిసి కూడా మా అమ్మాయి, పోయిన మే నెలలో నేను మామిడి ముక్కలు తుడుస్తూ కూచున్నప్పుడే వచ్చి, "అమ్మా, సెలవుల్లో లేహ్ వెళ్ళొస్తాను. వీపుకి ఒక్క సంచి, అంతే. పెద్ద హోటళ్ళూ గీటళ్ళూ లేవు. బస్సుల్లోనూ, నడిచీ తిరుగుతాను" అంది.

"సంచి తగిలించుకుని తిరగటానికి మనకేం ఖర్మే!" అన్నారు మా అత్తగారు జాడీ మూతి తుడుస్తూ. ఆవిడ దృష్టిలో సంచి తగిలించుకుని తిరిగేవాళ్ళు ఇద్దరే. ఒకడు పోస్ట్‌మాన్, రెండోవాడు సన్యాసి.

నాకు మటుకు లడఖ్ అనగానే 2020 జూన్ గుర్తొచ్చింది. గల్వాన్ లోయలో మన సూర్యాపేట కర్నల్ సంతోష్‌బాబు చనిపోయారన్న వార్త చదివి, ఆ రోజు అన్నం సహించలేదు. అంచేత "వద్దు" అన్నమాట నోటిదాకా వచ్చింది. కానీ దాని మొహం చూసి, "అయితే నేనూ వస్తాను" అన్నాను. అనేశాక నాకే ఆశ్చర్యం వేసింది.

ఆర్ట్స్ చదువుకున్నదాన్ని. ఏ పని చెయ్యాలన్నా ముందు దాని గురించి నాలుగు పేజీలు చదివితేగానీ ధైర్యం చాలదు. మూడు వారాలపాటు మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక అదే పని. ఆదివారం అనుబంధాల్లో వచ్చిన యాత్రా వ్యాసాలు, స్నేహితురాళ్ళిచ్చిన పుస్తకాలు, అమ్మాయి ఫోనులో చూపించిన వీడియోలు. తెలుగులో లేహ్ మీద ఇంత సరుకుందని నాకప్పటిదాకా తెలీదు. ఆ తర్వాత యాత్రా అయింది. ఇప్పుడు తీరిగ్గా కూచుని ఆ సరుకంతా మళ్ళీ తిరగేస్తే, నేను చదివి వెళ్ళిన ఊరికీ చూసి వచ్చిన ఊరికీ పొంతనే కుదరలేదు. ఎందుకు కుదరలేదో చెప్పాలనే ఈ నాలుగు మాటలు.

మా మైలవరం ఒకప్పుడు నాటకాలకు పేరుపడ్డ ఊరు. జమీందారుగారి ప్రాపకంలో బాలభారతీ నాటక సమాజం ఇక్కడే పుట్టింది. పాతకాలం నాటకాల్లో వెనక తెరలు కట్టేవారు కదా, అడవి తెర, అంతఃపురం తెర, కైలాసం తెర. కైలాసం తెర మీద మంచుకొండ ఎంత బాగా వేసినా దాని పని ఒక్కటే. ముందు నిలబడి పద్యం అందుకున్న నటుడు బాగా కనపడాలి. పద్యం అయిపోగానే తెర చుట్టేస్తారు. మన యాత్రా రచనల్లో హిమాలయం చాలామటుకు ఈ తెరే. రాసేవారు దాని ముందు నిలబడతారు, పరవశిస్తారు, ఫొటో తీయించుకుంటారు, వచ్చేస్తారు. తెరలో ఎవరూ కాపురం ఉండరు. తెర ముందున్నవాళ్ళకి ఆయాసం రాదు.

ఇతరుల్నెందుకు అనాలి, నేనూ ఆ తెర కట్టినదాన్నే. నా మూడో నవలలో కొత్త దంపతుల్ని మంచుకొండల్లోకి పంపించాను. హీరోయిన్ షిఫాన్ చీరలో మంచు మీద పరుగెడుతుంది, హీరో వెంటపడతాడు, ఇద్దరూ నవ్వుకుంటారు. అప్పటికి నేను చూసిన పెద్ద కొండ కొండపల్లి కోట ఉన్న కొండ. ఆ సీరియల్ వచ్చినప్పుడు ఎంతమంది పాఠకురాళ్ళు ఉత్తరాలు రాశారో! ఒక్కరూ "ఆ పిల్లకి ఊపిరెలా ఆడిందండీ?" అని అడగలేదు.

ఊపిరి ఎలా ఆడుతుందో ఇప్పుడు నాకు బాగా తెలుసు. లేహ్ ఊరు సుమారు 11,500 అడుగుల ఎత్తున ఉంది. గాలిలో ప్రాణవాయువు పాలు అక్కడా మన మైలవరంలోలాగే 21 శాతమే. అయితే గాలి ఒత్తిడి తగ్గిపోతుంది గనక ఒక్కో శ్వాసకి మనకి అందేది, ఇక్కడ అందేదాంట్లో సుమారు మూడింట రెండు వంతులు. ఒళ్ళు ఈ తేడాకి అలవాటు పడటానికి రోజులు పడుతుంది. రోడ్డు మీద మెల్లగా ఎక్కి వెళ్ళినవాళ్ళకి కాస్త వ్యవధి దొరుకుతుంది. మాలాగా పొద్దున్న ఢిల్లీలో విమానమెక్కి గంటన్నరలో దిగినవాళ్ళకి ఆ వ్యవధి కూడా లేదు. మొదటి రెండు రోజులూ ఏమీ చెయ్యకుండా, నీళ్ళు తాగుతూ పడుకోవటమే అసలు యాత్ర.

ఈ ముక్క మేం చదివినవాటిలో ఎక్కడా లేదా అంటే, ఉంది. చివర్లో, "జాగ్రత్తలు" అన్న శీర్షిక కింద, ఉన్ని స్వెటరుకీ చలవ కళ్ళజోడుకీ మధ్య ఒక్క వాక్యంగా ఉంది. మా ఇద్దరికీ బాగా నచ్చిన వీడియోలో, పేరెందుకు లెండి, అదీ లేదు. "మొదటి రోజు ఊరు చూసెయ్యండి, రెండో రోజు పొద్దున్నే ఖార్దుంగ్ లా వెళ్ళిపోండి" అన్నాడు ఆ అబ్బాయి హుషారుగా. వెళ్ళిపోయాం. లేహ్ నుంచి 40 కిలోమీటర్లు ఎక్కితే ఆ కనుమ వస్తుంది. అక్కడ ఒక్కో శ్వాసకి అందేది మనకిక్కడ అందేదాంట్లో సగమే. కారు దిగి పది అడుగులు వేసేసరికి మా అమ్మాయి మొహం బూడిదరంగులోకి తిరిగింది. తలపోటు, వాంతి, మాట తడబడటం. నేను దాన్ని పట్టుకుని "ఫొటో తరవాత తీసుకుందాం, కాస్సేపు కూచో" అన్నాను చూడండి, అంతకన్నా తెలివితక్కువ మాట నా జన్మలో అనలేదు. ఆ ఊరి డ్రైవరు మమ్మల్నిద్దర్నీ కార్లోకి తోసినంత పనిచేసి, "ఇక్కడ కూచోవటం కాదమ్మా, కిందికి దిగటమే మందు" అని హిందీలో కసిరి వెనక్కి తిప్పాడు. లేహ్‌లో డాక్టరుగారు ఆక్సిజన్ పెట్టారు. సాయంత్రానికి తేరుకుంది. "ఇంకాస్త ఆలస్యమైతే మెదడుకో ఊపిరితిత్తులకో నీరు పట్టేది" అన్నారాయన. ఆ రాత్రి నేను నిద్రపోలేదు. దాని ఊపిరి లెక్కపెడుతూ కూచున్నాను.

కాబట్టి యాత్రా రచనలో ఏది ముందు రాస్తాం, ఏది చివర రాస్తాం, ఏది వదిలేస్తాం అన్నది శైలికి సంబంధించిన విషయమని ఎవరైనా అంటే నేనొప్పుకోను. నవలలో నేను ఊపిరి సంగతి మర్చిపోతే పోయిందేమీ లేదు, అది కాగితం మీద పిల్ల. యాత్రా కథనాన్ని నమ్మి బయల్దేరేది మనింటి పిల్ల.

రెండో ఫిర్యాదు అంకెల మీద. ఖార్దుంగ్ లా మీద చాలాకాలంగా ఉన్న బోర్డు 18,380 అడుగులనీ, లోకంలో బండి వెళ్ళే రోడ్లన్నిట్లోకీ ఎత్తయిందనీ చెప్పింది. నేను చూసిన కథనాలన్నీ దాన్నే వల్లించాయి. కొలతలు తీసినవాళ్ళు తేల్చిన ఎత్తు దాదాపు 17,580 అడుగులు. 2021లోనే లడఖ్‌లో ఉమ్లింగ్ లా దగ్గర 19,000 అడుగులు దాటిన రోడ్డు పడింది. ఎనిమిది వందల అడుగుల తేడాకి ఇంత రాద్ధాంతమా అంటారేమో! బోర్డు చూసి రాసేవారు ఊరిని చూసి రాయలేదన్నమాట. నా పట్టింపు అక్కడ.

మూడోది అన్నిటికన్నా పెద్దది. ఆ కథనాల్లో లేహ్ మనుషులు ఎక్కడ? ప్యాలెస్ ఉంది, 17వ శతాబ్దంలో సెంగే నంగ్యాల్ రాజు నాడు లేచిన తొమ్మిదంతస్తుల మట్టి మేడ. థిక్సే, హెమిస్ ఆరామాలున్నాయి. సింధునది ఉంది. మనుషులు మాత్రం "చాలా అమాయకులు, ఎప్పుడూ నవ్వుతూ 'జూలే' అంటారు" అన్న ఒక్క వాక్యంలో సర్దుకోవాలి. అమ్మాయి కోలుకున్నాక మేం శామ్ లోయలో హెమిస్ షుక్‌పచన్ అనే పల్లెలో నాలుగు రోజులు ఒకరింట్లో ఉన్నాం. ఆ ఇంటావిడకి నా వయసే. నేను చూసినంతలో నవ్వింది తక్కువ, చేసింది ఎక్కువ. లేహ్ ప్రాంతంలో ఏడాది మొత్తం మీద పడేది సుమారు 10 సెంటీమీటర్ల వానే. బార్లీ చేలు బతికేది మంచు కరిగి వచ్చే కాలవ నీళ్ళతో. ఆ నీళ్ళు ఎవరికెప్పుడు వదలాలో చూసే మనిషిని చుర్పోన్ అంటారు. ఆవిడ వంతు తెల్లవారుజామున. నేను లేచేసరికే చేలో మడవ కట్టి వచ్చి, పొయ్యి రాజేసి, వెన్న వేసిన ఉప్పు టీ చిలుకుతూ కనపడేది. ఆ వంటింట్లో గోడ పొడుగునా అరల్లో ఇత్తడి, రాగి గిన్నెలు తళతళలాడుతూ వరసగా! మన అటకల మీద చిలుమెక్కుతున్న సామాను గుర్తొచ్చి సిగ్గేసింది.

ఇక మన ఆడవాళ్ళకి మొట్టమొదట కావలసిన సంగతి, ఎవరూ రాయనిది, మరుగుదొడ్డి. అక్కడి పాత ఇళ్ళల్లో నీళ్ళ అవసరంలేని దొడ్లుంటాయి. మేడ మీద గది, నేలలో రంధ్రం, పక్కన మట్టి కుప్ప, ఒక పార. అయ్యాక మట్టి వెయ్యాలి. కింద అదంతా ఎరువై చేలోకి వెళ్తుంది. వాసన లేదు, చుక్క నీరు ఖర్చు లేదు. 2011 జనాభా లెక్కల్లో లేహ్ ఊరి జనం 30 వేల పైచిలుకు. 2022లో లడఖ్ చూడటానికి వచ్చినవాళ్ళు 5 లక్షలు దాటారు. వీళ్ళందరి కోసం హోటళ్ళవాళ్ళు బోర్లు వేసి నీళ్ళు తోడి కుళాయిలు తిప్పుతున్నారు. "రూములో వేడినీళ్ళు సూపర్" అని మనవాళ్ళు చెప్పే ఒక్క ముక్క వెనక ఇంత కథ ఉంది. నెలసరి రోజుల్లో ఆ కొండల్లో ఏం చెయ్యాలో, వాడినవి ఎక్కడ వెయ్యాలో కూడా ఒక్క కథనంలో లేదు. మాకు చెప్పింది ఆవిడే. "మీతో తెచ్చినవి మీతో తీసుకెళ్ళండి, మా నేల వాటిని తినలేదు" అంది. లేహ్‌లో 1998లోనే ప్లాస్టిక్ సంచులు వద్దని పట్టుబట్టింది అక్కడి మహిళా సంఘం. 2009 నుంచి థిన్లాస్ చోరోల్ అనే ఆవిడ అందరూ ఆడవాళ్ళే గైడ్లుగా ఒక యాత్రా సంస్థ నడుపుతోంది. ఒంటరిగా వెళ్ళాలనుకునే మన ఆడపిల్లలకి ఇంతకన్నా పనికొచ్చే సమాచారం ఏముంటుంది, మీరే చెప్పండి!

అలాగని మన కుర్రాళ్ళ వీడియోల్ని తీసిపారెయ్యను. యాత్ర అంటే డబ్బున్నవాళ్ళ వ్యవహారమన్న భ్రమ పోగొట్టింది వాళ్ళే. బస్సు ఛార్జీ ఇంత, మంచానికి ఇంత అని ఇంటి భాషలో లెక్క చెప్పారు. అవి చూడకపోతే మేం బయల్దేరేవాళ్ళమే కాదు. పైగా ఈ లెక్క చెప్పటం మన తెలుగులో పెద్దల నుంచి వచ్చిన పద్ధతి. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మేలో చెన్నపట్నం నుంచి వందమంది పరివారంతో కాశీకి బయల్దేరి 1831 సెప్టెంబరులో తిరిగొచ్చారు. 1838లో అచ్చయిన ఆయన కాశీయాత్ర చరిత్రలో మజిలీ మజిలీకీ నీళ్ళు మంచివా కావా, అంగళ్ళున్నాయా, దారి బోయీలకి ఎలా ఉంటుంది అని రాసుకుంటూ పోయారు. పల్లకీలో కూచున్న మనిషి పల్లకీ మోసేవాళ్ళ కాళ్ళ కింది దారి చూశాడు! తన తరవాత వచ్చేవాడు దప్పికతో పడిపోకూడదన్న తాపత్రయం ప్రతి పేజీలోనూ ఉంది.

ఎత్తయిన ఊళ్ళకి వెళ్ళిన ఆడవాళ్ళ పుస్తకాల్లో నాకు అలాంటిది ఒకటి దొరికింది. ఫ్రెంచి రచయిత్రి అలెగ్జాండ్రా డేవిడ్-నీల్ తన 55వ ఏట, పరాయివాళ్ళకి ప్రవేశం లేని లాసా నగరానికి మారువేషంలో నడిచి వెళ్ళి 1924లో చేరుకుంది. పెంచుకున్న కొడుకు యోంగ్‌డెన్ వెంట, యాత్రకి బయల్దేరిన బీద ముసలితల్లిలాగా మొహానికి మసి పూసుకుని, మూట మోసుకుంటూ వెళ్ళింది. మూడేళ్ళకి అచ్చయిన ఆ పుస్తకంలో ఆకలి ఉంది, చలి ఉంది, తిండి అయిపోతే చెప్పులకి వాడే తోలుముక్కలు ఉడకబెట్టుకోవటం ఉంది. బిచ్చగత్తె వేషంలో ఉంది గనక ఆ దేశపు బీదవాళ్ళ ఇళ్ళల్లోకి వెళ్ళింది, వాళ్ళ మాటలు విన్నది. తన సాహసం మీద ఆవిడకి కాస్త మురిపెం ఎక్కువే, అది ఒప్పుకోవాలి. అయినా ఆ మంచులో నిజంగా మనుషులున్నారు.

మన దగ్గర? చదువుకునే రోజుల్లో నాయని కృష్ణకుమారిగారి 'కాశ్మీర దీపకళిక' చూసి, తెలుగావిడ కూడా అంతదూరం వెళ్ళి రాయొచ్చన్నమాట అని మురిసిపోయాను. నిజామాబాద్ జిల్లా పిల్ల మాలావత్ పూర్ణ 13 ఏళ్ళ 11 నెలల వయసులో, 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. దానికి ముందు భువనగిరి బండ మీదా, డార్జిలింగ్‌లోనూ, లడఖ్ చలిలోనూ ఒంటిని ఎంతలా అలవాటు చేసుకుందో! శిఖరం మీది జెండా కన్నా ఆ నెలల కథే నేను చదవాలనుకుంటాను.

వచ్చే ముందు రోజు ఆ ఇంటావిడకి మా ఆవకాయ పెట్టాను. కళ్ళమ్మట నీళ్ళు పెట్టుకుంటూనే మరో ముద్ద కలుపుకుంది. "మామిడిచెట్టు ఎంతుంటుంది? మీ ఊరికీ ఇలా జనం వస్తారా?" అని అడిగింది. వస్తారని చెప్పాను. ఎండాకాలం నూజివీడు దాకా తోటల్లో కార్లాపుకుని గుత్తుల కింద ఫొటోలు తీసుకుని వెళ్తారు. చెట్టు కింద 44 డిగ్రీల ఎండలో జీడి చేతుల మీద పడి కాలుతుంటే కాయలు ఏరి గ్రేడింగు చేసే ఆడకూలీలు ఆ ఫొటోల్లో ఉండరు. ఇది చెబుతుంటే నాకే ఒళ్ళు గగుర్పొడిచింది. మాదీ ఎవరికో తెరే!

మా అమ్మాయి ఇప్పుడొక నోటుబుక్కు రాస్తోంది. ఎదురింటి పిల్లలు వచ్చే ఏడు వెళ్తారట, వాళ్ళ కోసం. మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో "మొదటి రెండు రోజులూ పడుకోండి" అని ఉంది. రెండో పేజీలో దొడ్డి, మూడో పేజీలో ఆ డ్రైవరు చెప్పిన మాట. కొండ నాలుగో పేజీలోగానీ రాదు.

మా అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని అదంతా చదివి, "అంత డబ్బు పోసి వెళ్ళి రెండు రోజులు పడుకోవటమా? ఆ పడుకునేదేదో ఇక్కడే పడుకోవచ్చుగా!" అన్నారు. అని, ఆ పుస్తకం ఎదురింటికి స్వయంగా తీసుకెళ్ళి ఇచ్చొచ్చారు.