సన్న్యాసి మోసిన కబురు

ఈ వారము చేతికి వచ్చిన పుస్తకమొకటి నాకు మిక్కిలి ఆగ్రహము కలిగించినది. శుకసప్తతి కథలను బాలురకొఱకు సంస్కరించితిమని చెప్పి, ఆ సంపాదకుడెవరో జారిణులను, విటులను, తలుపుచాటున నక్కినవారిని ఏరి పాఱవైచి, చిలుకను మాత్రము మిగిల్చి దానిచేత నీతులు వల్లింపజేసినాడు. బొంకు లేనిదే కథ లేదన్న నా పాతపల్లవిని ఈ శీర్షిక చదువరులు ఎన్నోమారులు సహించియున్నారు, మఱియొకమారు సహింపవలసియున్నది.

పదునేడవ శతాబ్దమున పాలవేకరి కదిరీపతి ఆ చిలుకను తెనుగు ప్రబంధమున పలికించినాడు. పిదప అయ్యలరాజు నారాయణామాత్యుడు హంసచేత ఇరువది కథలు చెప్పించి హంసవింశతి కూర్చినాడు. మా దుండిగల్‌లో బస్సెక్కినచో ఒకపూటలో చేరదగిన గోలకొండలో, నఖ్షబీ పారసీకమున చెప్పిన చిలుకకథలైన తూతీనామాను 1639లో గవ్వాసీ దక్కనీలోనికి తెచ్చినాడు. పట్టుబడిన ఇల్లాలు ఱెప్పపాటులో అల్లిన మాటయే ఈ కథలన్నిటికిని ప్రాణము.

ఇటలీ దేశపు బొకాచియో ఈ విద్యలో వీరికి తీసిపోడు. 1348 నాటి మహామారికి వెఱచి ఫ్లోరెన్సు విడిచిన పదుగురు చెప్పుకొన్న నూఱు కథలలో, మూడవనాటి మూడవ కథయన్న నాకు ప్రత్యేకాభిమానము. ఒక గృహిణి తాను వలచినవానికి కబురంపు దారి లేక, వాడు తన్ను వేధించుచున్నాడని వాని మిత్రుడైన సన్న్యాసితో మొఱపెట్టుకొనును. ఆయన పోయి వానిని మందలించును. వాడు బుద్ధిమంతుడు గనుక చేయని తప్పునకు వచ్చిన మందలింపులోని పిలుపును గ్రహించును. తుదకు, మగడు ఊర లేని సమయమున వాడు తోటలోని చెట్టెక్కి తన కిటికీకడకు వచ్చెనని ఆమె మొఱపెట్టగా, ఏ చెట్టో ఏ కిటికీయో ఆ సాధువే వానికి విప్పి చెప్పివచ్చును!

ఇట్టి కథలను బాలురకు దాచుట నేనెఱుగనిది కాదు. నా బాల్యమున, వెన్నెలరాత్రుల కళ్ళము కాడ కథలు చెప్పు ముదుసలి యొకతె, రసవత్తరమైన పట్టు రాగానే పిల్లలమైన మమ్ము బావికి నీళ్ళకు తఱిమెడిది. సగము నిండిన బిందెలతో మేము పరుగెత్తి వచ్చునప్పటికి ఆడువారి నవ్వులు మాత్రము మిగిలియుండెడివి. ఆ నవ్వులనుబట్టి జరిగినదేమో ఊహించుకొనుటయే మా విద్యాభ్యాసము. ఆమె మాకు అబద్ధమాడినది లేదు, కథను నఱికినదియు లేదు. వినువారిని మాత్రము కాసేపు తొలగించెడిది.

ఇంతవఱకు జారిణుల పక్షమున వాదించుచు వచ్చిన నాకు, ఆ సన్న్యాసి ప్రక్కన చిలుకను నిలిపి చూడగా, వాదము చేజాఱుచున్నది. సన్న్యాసి నీతి చెప్పుచున్నాననుకొని తార్పుకాని పని చేసినాడు. చిలుకయో, తార్పుకత్తెవలె పలుకుచు కావలికాయుచున్నది. మగడు ఊర లేని వేళ విటునికడకు బయలుదేఱిన ఇల్లాలు ప్రభావతిని పొమ్మని ప్రోత్సహించును. అయితే ఇట్టి చిక్కున పడిన ఫలానా స్త్రీ ఎట్లు తప్పించుకొనెనో చెప్పి పొమ్మనును. ఆమె చెప్పలేక వినుచు కూర్చుండగా తెల్లవాఱును. ఆ బూతంతయు గడప దాటనీయకుండుటకు పన్నిన ఉపాయమే. ఇల్లాలిని ఇంట నిలుపుటయందు చిలుకకును మన సంపాదకునకును ఉద్దేశమొక్కటియే యని ఒప్పుకొనక తప్పదు.

కాని సంస్కృతకథలో చిలుకతోబాటు గోరువంక యొకటి యున్నది. అది తప్పు తప్పని సూటిగా మందలింపగా, ప్రభావతి దాని మెడ నులుమబోయినది; అది ఎగిరిపోయి ప్రాణము దక్కించుకొన్నది. మన సంపాదకుడు అట్టమీద చిలుకబొమ్మ వేయించి, లోపల గోరువంకచేత మాటలాడించినాడు.