అల్లరులు, కింగ్ మాట, రెండు హేత్వాభాసములు

వినబడని వారి భాషే అల్లరి అని మార్టిన్ లూథర్ కింగ్ 1967 ఏప్రిల్ 14న స్టాన్‌ఫర్డ్‌లో చెప్పిన మాటను కొందరు విధ్వంసమునకు అనుమతిగా చూపుచున్నారు. ఇది హేత్వాభాసము. కారణము చెప్పుట సమర్థించుట కాదు. అదే ప్రసంగములో ఆయన అల్లరులను స్వీయనాశకములని ఖండించెను. మరికొందరు ఆ ఖండనను మాత్రమే ఉదహరించి, అల్లరి పుట్టించిన పరిస్థితులనూ అంతే తీవ్రముగా ఖండింపవలెనన్న ఆయన షరతును విడిచిపెట్టుదురు. మా దృష్టిలో ఈ రెండవదే ఎక్కువ ప్రమాదకరము. మన ప్రసంగ వేదికలపై అది భక్తిగానే చెల్లిపోవును. వీరికి ఎఫెసు కరణము ఆదర్శము (అపొ. కా. 19). దేమేత్రి ముందు రాబడిని, పిమ్మట దేవతను పేర్కొని జనమును రేపగా, న్యాయసభలు జరుగుచున్నవని కరణము వారిని సముదాయించెను. న్యాయసభ అందని వారి యెదుట ఆ జవాబు ఎట్లు నిలుచునో వీరు చెప్పవలసియున్నది.