సూర్యుడు దిగిపోయాక

గోధుమ చేల మధ్య ఒంటరిగా ఒక పెద్ద ఇల్లు. దాని ముందు పని ముగించుకున్న కూలీలు. సూర్యుడు లేడు, అలాగని చీకటీ పడలేదు. ఎవరి మొహం మీదా నీడ గీత కనిపించదు. టెరెన్స్ మాలిక్ తీసిన ‘డేస్ ఆఫ్ హెవెన్’ (1978) చూసినప్పుడల్లా నన్ను కట్టిపడేసేది ఆ వెలుగే. కథ 1916 నాటి టెక్సాస్‌లో జరుగుతుంది. తీసింది మాత్రం కెనడాలోని ఆల్బర్టాలో, 1976లో. ఛాయాగ్రాహకుడు నెస్టర్ ఆల్మెండ్రోస్. బార్సిలోనాలో పుట్టి, క్యూబా వెళ్ళి, ఆ తర్వాత ఫ్రాన్సులో ట్రూఫో, రోమర్ అనే దర్శకుల సినిమాలకు పనిచేసినవాడు.

సూర్యాస్తమయాన్ని ఫొటో తీయడమంటే ఎర్రటి బింబాన్ని పట్టుకోవడమే అనుకుంటాం. ఆల్మెండ్రోస్ అసలు పని బింబం దిగిపోయాకే మొదలయ్యేది. ఆ తర్వాత దొరికేది సుమారు ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు. అప్పుడు ఆకాశమంతా ఒకే దీపమవుతుంది. వెలుగు అన్ని వైపుల నుంచీ పడుతుంది కాబట్టి నీడలు కరిగిపోతాయి. సినిమాలో చాలా దృశ్యాలను ఆ కాస్త వ్యవధిలోనే, సాయంత్రం తర్వాత సాయంత్రం, తీశారు.

వెలుగు నిమిష నిమిషానికీ తగ్గిపోతుంటే అతను చేసిన పని చూడండి. ముందు ఎక్కువ వెలుగును లోపలికి రానిచ్చే లెన్స్. అది చాలనప్పుడు ఇంకా పెద్ద కంత ఉన్న లెన్స్. అదీ చాలకపోతే నారింజ రంగు ఫిల్టర్ తీసేయడం. ఇంటి లోపలి దీపాల కోసం తయారైన ఫిల్మును ఆరుబయట వాడాలంటే ఆ ఫిల్టర్ ఉండాలి, కానీ అది కొంత వెలుగును మింగేస్తుంది. తేడా వచ్చిన రంగును తర్వాత ల్యాబులో సరిచేసుకోవచ్చు. చివరి అస్త్రం నాకు మరీ ఇష్టం. సెకనుకు 24 ఫ్రేములకు బదులు 12, ఒక్కోసారి 8 మాత్రమే తీయడం. ఒక్కో ఫ్రేముకు ఎక్కువ వెలుగు దక్కుతుంది. కాకపోతే తెర మీద మనుషులు పరుగులు తీస్తున్నట్టు కనిపిస్తారు. అందుకని నటులను నెమ్మదిగా కదలమనేవారు. మసక వెలుగు కోసం మనుషులే తమ నడకను మార్చుకున్నారన్నమాట!

అప్పటికే అతని చూపు మందగిస్తోంది. సహాయకుడి చేత తీయబోయే దృశ్యాన్ని పోలరాయిడ్ ఫొటోలు తీయించి, బాగా మందమైన కళ్ళద్దాలతో పరిశీలించేవాడు.

హాలీవుడ్ అలవాటు ప్రకారం వెలుగుకు ఎదురుగా తీస్తే, మొహం నల్లబడకుండా దీపాలో రిఫ్లెక్టర్లో పెట్టాలి. ఆల్మెండ్రోస్ వాటిని వీలైనంత దూరంగా ఉంచాడు. అది నచ్చని యూనిట్ సభ్యులు కొందరు వెళ్ళిపోయారు కూడా. ఆకాశానికి ఒక కొలత, మొహానికి ఒక కొలత తీసుకుని, రెండింటికీ మధ్యలో ఆగేవాడు. ఆకాశం కాస్త తెల్లబడుతుంది, మొహం కాస్త చీకట్లో ఉంటుంది. నిజంగా మునిమాపు వేళ మనకు మనుషులు కనిపించేది అలాగే కదా.

ఆ వెలుగులో ఫొటో తీయడం మన మేడ మీద కూడా రోజూ చేసి చూడదగ్గ పని. ఆల్బర్టా అంత ఉత్తరాన సూర్యుడు ఏటవాలుగా దిగుతాడు కాబట్టి అక్కడ సంజ వెలుగు కొంచెం ఎక్కువసేపు నిలుస్తుంది. మన దగ్గర దాదాపు నిలువునా దిగిపోతాడు, కనుక తొందరపడాలి. మీరు పడమటికి వీపు పెట్టి, పిట్టగోడ దగ్గర నిలబడ్డ అమ్మనో చెల్లెలినో తీయండి. ఫోను తనంతట తాను మొహాన్ని వెలిగించబోతుంది. వేలితో ఆ వెలుగును కాస్త కిందికి లాగండి. బుగ్గల మీద మిగిలిన గులాబీ ఛాయ అప్పుడు తెలుస్తుంది. ఈ ఆనందానికి పైసా ఖర్చు లేదు.

షూటింగ్ ఆలస్యం కావడంతో, ముందే ఒప్పుకున్న ట్రూఫో సినిమా కోసం ఆల్మెండ్రోస్ మధ్యలోనే వెళ్ళాల్సి వచ్చింది. మిగతాది మరో ఛాయాగ్రాహకుడు హాస్కెల్ వెక్స్‌లర్ పూర్తిచేశాడు. అప్పటికే ఎంతో పేరున్నవాడై ఉండీ, తన ముద్ర వేయాలని చూడకుండా ఆ మసక వెలుగు పద్ధతినే పట్టుకున్నాడు. 1979లో ఆస్కార్ ఆల్మెండ్రోస్‌కు వచ్చింది. ఇద్దరి పనికీ మధ్య అతుకు ఎక్కడుందో ఈసారి సినిమా చూస్తూ వెతకండి.