పత్తిపువ్వు, బొటనవేలి గోరు

పల్నాడులో గురజాల, దుర్గి, మాచర్ల చుట్టుపక్కల నల్లరేగడి చేలల్లో జూన్, జూలైల్లో పెట్టిన పత్తి రెండు నెలలు తిరిగేసరికి పూతకొస్తుంది. పత్తి అనగానే మనకు దూదే కళ్ల ముందు మెదులుతుంది. దూదికి ముందొచ్చే పువ్వు దగ్గర ఆగేవాళ్లు తక్కువ. దాని ఆయుష్షు ఒక్క పగలు. పొద్దున మీగడ రంగులో విచ్చుకుంటుంది, సాయంత్రానికి గులాబీ ఛాయకు తిరుగుతుంది, మర్నాటికి ఎర్రబడి ముడుచుకుపోతుంది. సంతానం కోసం చేయాల్సిన పనంతా ఆ ఒక్క పూటలోనే మొదలుపెట్టాలి.

ఒక పువ్వు తెంపి విప్పి చూడండి. బయట చీలికల అంచులున్న మూడు పచ్చటి రేకులు, లోపల అయిదు పూరేకులు, నడుమ ఒక గొట్టం. ఆ గొట్టం ఒళ్లంతా పుప్పొడి తిత్తులే. దాని లోపలినుంచి ఆడభాగమైన కీలం సాగి, కొనను తిత్తులకు కాస్త పైన నిలబెడుతుంది. పెరట్లో మందారం చూసినవాళ్లకు ఈ అమరిక కొత్త కాదు. మందారం, బెండ, పత్తి ఒక్క కుటుంబానివే. పత్తి పుప్పొడి బరువైనది, జిగురుగా ఉంటుంది, గాలికి ఎగరదు. చాలావరకు తన పుప్పొడి తన కీలం మీదే పడుతుంది, కొంత తేనెటీగలు తెచ్చిపెడతాయి.

కీలం కొనకు అంటుకున్న పుప్పొడి రేణువు సన్నటి నాళాన్ని కిందికి దింపుతుంది. ఆ నాళం కీలం పొడవునా దిగి, అడుగున అండాశయంలో ఉన్న ఒక అండాన్ని చేరుతుంది. వెంట రెండు మగకణాలను తీసుకెళుతుంది: ఒకటి అండకణంతో కలిసి పిండమవుతుంది, రెండోది పక్కనున్న కేంద్రకాలతో కలిసి ఆ పిండానికి ఆహారమవుతుంది. ఈ జంట కలయికను 1898లో రష్యా శాస్త్రవేత్త నవాషిన్ లిల్లీ జాతి పూలలో గుర్తించాడు. పత్తికాయలో నాలుగైదు తొనలు, ముప్ఫై దాకా గింజలు ఉంటాయి. ఏ గింజకు ఆ గింజకు విడిగా ఒక నాళం దిగాల్సిందే. నాళం చేరని అండం గింజ కాదు, అసలేవీ చేరకపోతే పిందె రాలిపోతుంది.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆశ్చర్యపరిచేది దూది. పువ్వు విచ్చిన రోజే అండం పైపొరలోని కొన్ని కణాలు పొడుగు సాగడం మొదలుపెడతాయి. ఒక్కో దూదిపోగు ఒకే ఒక్క కణం. వెడల్పుకు వెయ్యి రెట్లకు పైగా పెరుగుతుంది. ఆ పైపొర తల్లిమొక్కది కాబట్టి దూది పూర్తిగా తల్లి సొత్తు; తండ్రి వాటా గింజ లోపలి పిండంలోనూ దాని ఆహారంలోనూ మాత్రమే ఉంటుంది.

ఇంత పొందికగా అమరిన పువ్వును మనిషి చెయ్యి మధ్యలో పట్టుకుని తన దారికి తిప్పుకోవడం రెండో పనితనం. ఇవాళ పల్నాడులో వేసే పత్తి దాదాపు అంతా హైబ్రిడే, అంటే రెండు వేరువేరు రకాలను కలిపి పుట్టించినదే. ఆ గింజ నంద్యాల, గద్వాల వైపు విత్తన చేలల్లో తయారై వస్తుంది. అక్కడ తల్లిగా వాడే ఆడమొక్కల వరుసలు వేరు, పుప్పొడి కోసం వాడే మగమొక్కల వరుసలు వేరు. మధ్యాహ్నం దాటాక కూలీలు ఆడమొక్కల్లో మర్నాడు విచ్చే మొగ్గలను, అంటే పచ్చటి రేకుల్లోంచి ఉబ్బి పైకొచ్చినవాటిని ఎంచుకుంటారు. బొటనవేలి గోరు మొగ్గ మొదట్లో గుచ్చి, చుట్టూ తిప్పి లాగితే పూరేకులూ పుప్పొడి గొట్టమూ కలిసి చొక్కా చెయ్యి ఊడినట్టు ఊడొస్తాయి. పూరేకుల అడుగు ఆ గొట్టానికి అతుక్కుని ఉండబట్టే ఈ కిటుకు పారుతుంది. మిగిలేది నగ్నంగా కీలం, దాని కింద తెల్లటి పలుచని పొర కప్పిన అండాశయం. గోరు లోతుగా దిగితే ఆ పొర చిరిగి కాయ నిలవదు. పైపైన లాగితే ఏదో ఒక తిత్తి మిగిలి తన పుప్పొడే తగిలి, విత్తనం కల్తీ అవుతుంది. ఈ రెండిటి మధ్య ఉన్న వెంట్రుకవాసి తేడా ఆ వేలికి తెలుసు.

మర్నాడు పొద్దెక్కి మంచు ఆరాక మగపువ్వు కోసి, రేకులు వెనక్కి మడిచి, ఆ కీలం కొనకు రాస్తారు. ఒక మగపువ్వు నాలుగైదు ఆడపూలకు సరిపోతుంది. గుర్తుకు కాడకు దారం కడతారు. ఆ వేళ వాన పడితే పని పాడు: తడి తగిలిన పుప్పొడి పగిలిపోతుంది.

చేత్తో చేసే ఈ పనిని వ్యాపార స్థాయికి తెచ్చినది సూరత్‌లో సి.టి. పటేల్ రూపొందించిన హెచ్-4. 1970లో విడుదలైన ఆ పత్తి, ప్రపంచంలోనే సాగుకొచ్చిన తొలి పత్తి హైబ్రిడ్. ఈ నైపుణ్యాన్ని పొగిడేటప్పుడు దాచకూడని మాట ఒకటుంది. చాలా ఏళ్లు ఈ విత్తన చేలల్లో ఆ గోరు బడిలో ఉండాల్సిన ఆడపిల్లలది. చిన్న చేతులే సున్నితమన్న సాకు అబద్ధం. పెద్దవాళ్లు ఇంతే నేర్పుగా చేస్తారు, వాళ్లకు పెద్దల కూలి ఇవ్వాలి, అంతే తేడా.

నూరు గింజలు తొమ్మిది గ్రాములు తూగుతాయనుకుంటే 450 గ్రాముల హైబ్రిడ్ విత్తనమున్న ప్యాకెట్‌లో అయిదు వేల గింజలు. కాయకు పాతిక, ముప్ఫై గింజల లెక్కన ఆ ప్యాకెట్ వెనక నూట డెబ్భై నుంచి రెండొందల పూలు. రాలిపోయినవి ఈ లెక్కలో లేవు. నిలిచిన ప్రతి పువ్వునూ ఒకరు సాయంత్రం ఒలిచారు, పొద్దున రాశారు. ఆ ప్యాకెట్‌తో పండిన పంటలోంచి గింజ తీసి దాచుకుంటే మరుసటేడు మొక్కకొక తీరుగా వస్తుంది, తల్లిదండ్రుల లక్షణాలు మళ్లీ విడివడతాయి. కాబట్టి ఏటా మరో రెండొందల పూలు, మళ్లీ అదే గోరు.