కొమ్మ నిలిచిందా లేదా

నల్లమల చెంచులకూ మైదానంలో సేద్యం చేసుకునే మనకూ చుట్టరికం ఎంత? అమరచింత నుంచి అమ్రాబాద్ దాకా ఏ రచ్చబండ మీద అడిగినా ఒక కథ చెబుతారు. దీనికి డీఎన్ఏ చెప్పే జవాబును పరిణామ వృక్షంగా గీస్తారు. 2003లో ఒక అంతర్జాతీయ బృందం చెంచుల, కోయల డీఎన్ఏను వివిధ కులాలవారి డీఎన్ఏతో పోల్చి, అందరి వారసత్వమూ చాలా మేరకు ఒకే పాత మూలం నుంచి వచ్చిందని చూపింది. 2005లో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు అండమాన్ ఓంగేల తల్లి వంశాన్ని ఇలాగే వెతికారు. 2020లో సీసీఎంబీలోనే కరోనా వైరస్ వృక్షంలో ఏ3ఐ అనే శాఖ బయటపడింది.

వృక్షం కట్టడం ఎందుకంత కష్టం? పది నమూనాలను కలిపే, వేరు ఎక్కడో చెప్పని చెట్లు 20,27,025 రకాలుగా ఉండొచ్చు. ఇరవై అయితే ఆ సంఖ్యకు 21 అంకెలు. అన్నిటినీ చూడటం ఏ యంత్రం తరమూ కాదు. అందుకే ఆర్ఏఎక్స్ఎంఎల్, ఐక్యూ-ట్రీ లాంటి ప్రోగ్రాములు ఒక చెట్టుతో మొదలుపెట్టి, కొమ్మలు మార్చి చూస్తూ, మన డేటాకు బాగా పొసగే చెట్టు వైపు జరుగుతాయి. పొసగడాన్ని సంభావ్యతతో కొలిచే పద్ధతిని శాస్త్రవేత్త ఫెల్సెన్‌స్టయిన్ 1981లో ఆచరణలోకి తెచ్చాడు.

అసలు పని అంతకంటే ముందే ఉంది. జన్యుక్రమాలను అక్షరానికి అక్షరం ఎదురుగా పేర్చాలి. పడుగులో ఒక్క పోగు తప్పితే చీర పొడుగునా ఆ తప్పు కనిపించినట్టే, ఇక్కడ జరిగిన పొరపాటు చివరి కొమ్మ దాకా పాకుతుంది. ఇక చెట్టు వేరు ఎక్కడో తెలియాలంటే బయటి జాతి ఒకటి కావాలి. మనుషుల చెట్టుకు చింపాంజీని పెట్టుకోవచ్చు.

ఇక యంత్రం. కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో ఉన్న పరమ్ సేవ సామర్థ్యం 838 టెరాఫ్లాప్స్, అంటే సెకనుకు 838 లక్షల కోట్ల లెక్కలు. ఇలాంటి యంత్రం ఏ ఒక్కరిదీ కాదు. అందరూ ప్రవేశించే లాగిన్ నోడ్ మీద ఫైళ్లు సర్దుకోవాలి తప్ప లెక్క నడపకూడదు. అక్కడ నడిపితే అందరి పనీ కుంటుపడుతుంది. ఎన్ని కోర్లు (లెక్క చేసే భాగాలు), ఎన్ని గంటలు, ఎంత మెమరీ కావాలో రాసి మన పనిని, అంటే జాబ్‌ను, క్యూలో పెట్టాలి. ఎక్కువ గంటలు అడిగితే సాధారణంగా వంతు ఆలస్యంగా వస్తుంది. తక్కువ అడిగితే గడువు రాగానే వంతులు చూసే షెడ్యూలర్ ప్రోగ్రాము జాబ్‌ను ఆపేస్తుంది. ఐక్యూ-ట్రీ చెక్‌పాయింట్ ఫైలు రాసుకుంటుంది కనుక, అదే ఆదేశం మళ్లీ ఇస్తే ఆగిన చోటు నుంచి నడుస్తుంది.

కొత్తవాళ్లు ఎక్కువగా తప్పేది కోర్ల దగ్గర. ఉదాహరణకు, తల్లివైపు నుంచి వచ్చే మనిషి మైటోకాండ్రియా డీఎన్ఏలో సుమారు 16,569 అక్షరాలు. మనుషులందరిలో దాదాపు అన్నీ ఒకటే కాబట్టి విడివిడిగా లెక్కించాల్సిన నిలువు వరుసలు కొద్దే. దానికి 40 కోర్లు అడిగితే అవి లెక్క చేయడం మాని ఒకదాని కోసం ఒకటి కాచుకుంటాయి. పని నెమ్మదిస్తుంది, క్యూలో వెనకున్నవారి వంతూ పోతుంది. రెండు, నాలుగు కోర్లతో చిన్న పరుగు పెట్టి చూసుకుని అడగడం పద్ధతి. మిగతా కోర్లను విడి విడి పరుగులకు వాడుకోవచ్చు. వేర్వేరు చెట్లతో మొదలైన పరుగులు ఒకే చోటికి చేరాయా అన్నది చూడాల్సిందే.

చెట్టు వచ్చాక కొమ్మను పరీక్షించాలి. డేటాలోని నిలువు వరుసలను యాదృచ్ఛికంగా తీసి, కొన్ని రెండుసార్లు వచ్చినా, కొన్ని అసలు రాకపోయినా, అంతే పొడవున్న కొత్త డేటా చేసి మళ్లీ చెట్టు కడతారు. వెయ్యిసార్లు కడితే నూటికి ఎన్నిసార్లు ఆ కొమ్మ వచ్చిందన్నదే బూట్‌స్ట్రాప్ విలువ. ఇదీ ఫెల్సెన్‌స్టయిన్ 1985లో ఇచ్చిందే. పాత పద్ధతిలో 70 వస్తే చాలామంది ఆమోదిస్తారు. ఐక్యూ-ట్రీలోని వేగవంతమైన పద్ధతిలో మాత్రం కనీసం 95 రావాలి. ఈ తేడా తెలియక 80ని గట్టి రుజువుగా రాస్తే అది అబద్ధమే అవుతుంది. చెంచులను వేరు చేసే కొమ్మ గురించి అలా రాస్తే, రుజువు లేకుండానే ఒక జనాన్ని అందరికీ దూరంగా నిలబెట్టినట్టు. పైగా మైటోకాండ్రియా చెట్టు తల్లివైపు కథే చెబుతుంది. తండ్రివైపు కథకు వై క్రోమోజోమ్‌ను విడిగా చూడాలి.

నిలవని కొమ్మను విడదీయకుండా ముడిగానే ఉంచి, ఇక్కడ తేలలేదని రాయాలి. ప్రోగ్రాము వెర్షను, వాడిన మోడలు, యాదృచ్ఛిక సంఖ్యల మొదలు అంకె (సీడ్) ఉన్న లాగ్ ఫైలును చెట్టుతో పాటే అందుబాటులో పెట్టాలి. రేపు మన పిల్లల్లో ఎవరైనా ఆ లెక్కను మళ్లీ నడిపి సరిచూడటానికి అదే ఆధారం.