లైన్లో బుడ్డోడు

వేములఘాట్ ఊరు ఇప్పుడు మల్లన్నసాగర్ నీళ్ల కింద ఉంది. 2022 ఫిబ్రవరిలో ప్రారంభమైన ఆ 50 టీఎంసీల జలాశయానికి కొమురవెల్లి మల్లన్న పేరే పెట్టారు. ఊరోళ్లు గజ్వేల్ దగ్గరి పునరావాస కాలనీకి చేరారు. అక్కడి నుంచి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే రావిర్యాలలోని వండర్‌లా వినోద పార్కు ఒక పూట ప్రయాణం కూడా కాదు. సెలవులొస్తే పిల్లల పోరు అటువైపే. పెద్దపిల్లలతో పేచీ లేదు. చంకలో ఉన్న రెండేళ్లవాడితోనే తంటా అంతా.

మొదటి పరీక్ష గేటు దగ్గరి ఎత్తు కొలత. అక్కడ పిల్లల టికెట్ వయసును బట్టి కాదు, ఎత్తును బట్టి. 85 సెంటీమీటర్లు దాటకపోతే ఉచితం. రెండేళ్ల పిల్లల సగటు ఎత్తు కూడా ఇంచుమించు అంతే కాబట్టి వాడు బూట్లు విప్పాడా, మోకాళ్లు వంచాడా అన్నదాని మీద ఇంటిల్లిపాది చూపు ఉంటుంది. లోపల అదే ఎత్తు ఎదురు తిరుగుతుంది. పెద్ద రైడ్ల బోర్డులు వాడిని బయటే ఆపేస్తాయి.

రెండో పరీక్ష లైన్లో ఎదురుచూపు. దాని మీద డేవిడ్ మైస్టర్ 1985లో రాసిన వ్యాసాన్ని ఇప్పటికీ తలుస్తారు. ఊరికే నిలబడ్డ సమయం పని ఉన్న సమయం కన్నా పొడుగ్గా తోస్తుందని, ఎంతసేపో తెలియని నిరీక్షణ మరీ భారమని ఆయన లెక్క. పెద్దలకు రెండోదానికి మందుంది: 'ఇక్కడి నుంచి 30 నిమిషాలు' అని బోర్డు పెడితే చాలు. బుడ్డోడికి నిమిషమంటే ఏం తెలుసు? వాడికి మొదటి సూత్రం ఒక్కటే పనిచేస్తుంది.

ఈ సంగతి సిద్దిపేట వైపు అవ్వలకు వ్యాసాలు చదవకుండానే తెలుసు. సంక్రాంతి తర్వాతి ఆదివారం నుంచి ఉగాది ముందటి ఆదివారం దాకా కొమురవెల్లి జాతర. దర్శనం లైన్ కదలదు, పసుపు బండారి కళ్లలో పడుతుంది, పిల్లాడు గుక్క పడతాడు. "బిడ్డా, నువ్వు లైన్ల ఉండు, నేను పోరనికి ఒగ్గోళ్ల ఆట జూపిచ్చుకొస్త" అని అవ్వ వాణ్ని ఎత్తుకుపోతుంది. డోలు దెబ్బకు ఏడుపు ఆగుతుంది. లైన్ ముందుకు జరిగాక కోడలు చెయ్యి ఊపుతుంది. అంతే, పిల్లాడు లైన్లో నిలబడింది లేదు.

తిరుమలలో ఏడాది లోపు పసివాళ్లను, తల్లిదండ్రులను సుపథం అనే ప్రత్యేక దారి గుండా వేరుగా పంపుతారు. కంపార్ట్‌మెంట్లలో కూర్చున్న పిల్లలకు పాలు పోస్తారు. డిస్నీ పార్కుల్లో 'రైడర్ స్విచ్' అని ఒక పద్ధతి ఉంది. ఒకరు రైడ్ ఎక్కితే మరొకరు పిల్లాడితో బయట ఉంటారు. మొదటివారు తిరిగొచ్చాక రెండోవారు మళ్లీ మొత్తం లైన్ కట్టక్కర్లేదు. అవ్వ చేసిన పనినే అక్కడ నియమంగా రాసి పెట్టారు, కాకపోతే ఒగ్గు డోలు లేదు.

కాబట్టి పార్కుకు ముగ్గురు పెద్దలు వెళ్తే సగం బరువు తగ్గినట్టే. ఇద్దరే అయితే గేటు తెరిచిన మొదటి గంటలోనే చిన్నపిల్లల రైడ్లు ముగించాలి. బువ్వ తిని వాడు నిద్రకు తూగే వేళకే లైన్లు బాగా పెరుగుతాయి. అప్పుడు నీడ చూసుకుని కూర్చోవడం మేలు. సంచిలో సకినాలుంటే మంచిదే కానీ, బయటి తిండిని పార్కుల్లో సాధారణంగా ఆపుతారు. పసివాళ్ల పాలు, మెత్తటి బువ్వ సంగతి గేటు దగ్గరే అడిగి తేల్చుకోవాలి. డైపర్ మార్చేది లైన్ ఎక్కక ముందే.

మధ్యలో ఒకరిని వచ్చి కలవనిస్తారా అన్నది కూడా లైన్ మొదట్లో నిలబడ్డ సిబ్బందినే అడగాలి. నలభై మందిని దాటుకుంటూ పిల్లాణ్ని చంకనేసుకుని వచ్చాక, వెనకాల ఉన్నవాళ్లతో ఆ మాట తేల్చుకోవడం కష్టం.