రెండు వాగ్దానాల నడుమ ముస్లిం స్త్రీ

ఎన్నికలు సమీపించగానే రాజకీయ పక్షాల ప్రణాళికలలో రెండు అధ్యాయాలు తప్పక కనిపిస్తాయి. ఒకటి అల్పసంఖ్యాక వర్గాల సంక్షేమం, రెండవది మహిళాభ్యుదయం. ముస్లిం స్త్రీ ఈ రెండింటికీ చెందినదే. కాని మొదటిది వ్రాసేటప్పుడు పక్షాలు ముస్లిం పురుషులను సంప్రదిస్తాయి. రెండవది వ్రాసేటప్పుడు ముస్లింలనే మరచిపోతాయి. ఇందులో అతిశయోక్తి లేదని గత నలభై ఏళ్ల చరిత్ర చెబుతున్నది.

1985 ఏప్రిల్ 23న షాబానో కేసులో సుప్రీంకోర్టు తీర్పు వెలువడింది. నెలకు 179 రూపాయల 20 పైసల మనోవర్తిపై వచ్చిన వివాదమది. న్యాయస్థానం ఖుర్ఆన్ వ్యాఖ్యానానికి పూనుకోవడాన్ని ఉలమాలు ఆక్షేపించారు. ఆ ఆక్షేపణ తోసిపుచ్చదగినది కాదు. అయితే కాంగ్రెసు ప్రభుత్వం మొదట తీర్పును సమర్థించి, పిమ్మట మనసు మార్చుకొని 1986 మే నెలలో వేరే చట్టం చేసింది. అదే ఏడాది ఫిబ్రవరి 1న బాబ్రీ మస్జిదు తాళాలు తెరిపించారు. ఈ రెండూ ఇరువర్గాల ఓట్ల కోసం తూచిన తూకమేనని అనేకులు విమర్శించారు. విడాకులు పొందిన స్త్రీ ఎలా బ్రతకాలన్న ప్రశ్నకు ఆ తూకంలో చోటు దక్కలేదు. ఇద్దత్ కాలంలోనే ఆమె భవిష్యత్తుకు కూడా తగిన ఏర్పాటు చేయాలని ఆ చట్టానికి అర్థం చెప్పడానికి 2001లో డేనియల్ లతీఫీ కేసు తీర్పు రావలసి వచ్చింది.

భారతీయ జనతా పార్టీ మరో దారి పట్టింది. ఒకేసారి చెప్పే మూడు తలాఖులు చెల్లవని 2017 ఆగస్టు 22న సుప్రీంకోర్టు తేల్చింది. అయినా 2019లో ఆ పార్టీ ప్రభుత్వం అలా తలాఖ్ చెప్పిన భర్తకు మూడేళ్ల వరకు జైలుశిక్ష విధించే చట్టం తెచ్చింది. ఈ తలాఖ్ నింద్యమని ఉలమాలు ఎప్పటినుంచో చెబుతున్నదే. కాని జైలులో ఉన్నవాడు భార్యాబిడ్డలకు భృతి ఎలా చెల్లిస్తాడు? ఒక పక్షం సమాజాన్ని మెప్పించడానికి స్త్రీని ప్రక్కకు నెట్టింది. మరొక పక్షం స్త్రీ పేరు చెప్పి సమాజాన్ని బోనులో నిలబెట్టింది.

మన తెలుగునాట కథ కొంత భిన్నం. 2007లో ఆంధ్రప్రదేశ్‌లో వెనుకబడిన ముస్లిం తరగతులకు ఇచ్చిన నాలుగు శాతం రిజర్వేషన్ చదువుకు, ఉద్యోగానికి దారి చూపింది. దానిని పన్నెండు శాతానికి పెంచుతూ తెలంగాణ శాసనసభ 2017లో ఆమోదించిన బిల్లు మాత్రం అమలుకు రాలేదు. 2014లో అక్కడ ఆరంభమైన షాదీ ముబారక్ క్రింద మొదట 51,000 రూపాయలిచ్చారు. తరువాత దానిని 1,00,116కు పెంచారు. వధువుకు పద్దెనిమిదేళ్లు నిండాలన్న నియమం మేలైనదే. పేద తల్లిదండ్రులకు ఆ సొమ్ము ఊరట అన్నదీ నిజం. కాని ఇస్లాంలో మహర్ ఇచ్చేదీ, వలీమా పెట్టేదీ వరుడు. జోడేకీ రఖం దురాచారం వధువు ఇంటిపై మోపిన బరువును ప్రభుత్వ ధనంతో మోయడం ఆ దురాచారాన్ని తొలగించడమవుతుందా?

2023లో చట్టసభలలో స్త్రీలకు మూడోవంతు స్థానాలు కేటాయించే రాజ్యాంగ సవరణను లోక్‌సభ 454 ఓట్లతో ఆమోదించింది. వ్యతిరేకించినవి రెండే ఓట్లు. ముస్లిం స్త్రీలకు, వెనుకబడిన తరగతుల స్త్రీలకు అందులో వాటా లేదన్నదే మజ్లిస్ సభ్యులిద్దరి అభ్యంతరం. తమను అల్పసంఖ్యాకుల ఆప్తులుగా చెప్పుకొనే ఇతర పక్షాలలో కొన్ని వెనుకబడిన తరగతుల వాటా గురించి మాట్లాడినా, చివరకు అన్నీ అనుకూలంగానే ఓటు వేశాయి.

నింద అంతా పక్షాలపై వేసి ఊరుకుంటే సరిపోదు. నాయకులు మన వీధికి వచ్చినప్పుడు సమావేశానికి పిలుస్తున్నది ఎవరిని? వినతిపత్రంపై సంతకాలు ఎవరివి? అల్ ముంతహినా సూరా 12వ ఆయత్ ప్రకారం దైవప్రవక్త (స) విశ్వాసులైన స్త్రీల నుండి బైఅత్‌ను వారి చేతనే స్వీకరించారు. భర్తల ద్వారా, తండ్రుల ద్వారా కాదు. వచ్చే ఎన్నికలలో ఓటు అడగడానికి వచ్చినవారిని మనోవర్తి గురించి, బాలికల కళాశాల గురించి, వక్ఫ్ ఆదాయంలో వితంతువులకు చేరే సహాయం గురించి మన స్త్రీలే ప్రశ్నించాలి. ఆ సభలో వారికి చోటు కల్పించవలసినది ముందుగా మనమే.